ఇంకా పోలేదన్నాను

ఊళ్లో నన్ను మహా ఇల్లాలంటారు. మతి తప్పిన మొగుణ్ణి కడదాకా చూసుకున్నదని ఆడవాళ్లు తమ కోడళ్లకు నన్ను చూపిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లుగా గుండెల మీద బండను మోస్తున్నాను. మీకు చెబుతాను. మీరు నన్ను ఎరగరు, అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. జర్మనీ యుద్ధం మొదలైన ఏడు మా ఇంటాయనకు మతి పూర్తిగా పోయింది. అంతకు ముందు ఎడ్లను కూడా గట్టిగా అదిలించని మనిషి. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా మీద చెయ్యెత్తింది లేదు. అటువంటి మనిషి కాగే గంజి తెచ్చి నా కాళ్ల మీద కుమ్మరించాడు. స్నానం చేయిద్దామని ధోవతి విప్పబోతే ముంజేయి కొరికాడు. కండ ఊడింది. ఒకనాడు పొద్దున్నే, నన్ను ఎడ్లను తోలుకుపోవడానికి వచ్చిన దొంగ అనుకుని, గొంతు పట్టి గోడకు అదిమాడు.

"నా పెండ్లాం ఏది? దాన్ని ఏం చేసినవ్?" అని అరుస్తున్నాడు. ఆయన వెతుకుతున్నది నన్నే. నలుపుతున్నదీ నా గొంతే.

మా మరిది బండి కట్టి మమ్మల్ని కామారెడ్డిలో ఒక హకీం దగ్గరకు తీసుకుపోయాడు. మరిది బయట ఎడ్లకు నీళ్లు పెడుతుంటే హకీం నాకొక్కదానికే చెప్పాడు. ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు, దిమాగ్, అదే మెదడు, అరిగిపోతున్నది, మందు లేదు, భయపడి కొడుతున్నాడు, ఇంకా భయపెట్టకండి అన్నాడు. తిరుగు దారిలో మరిది అడిగితే "మందు లేదన్నడు" అన్నాను. మిగతాది మింగేశాను. ఎందుకు? అర్థం కాలేదని మీకు చెప్పవచ్చు. అది అబద్ధం. దయ్యమైతే కొట్టి వెళ్లగొట్టవచ్చు. రోగమైతే నేను కొరికించుకుంటూ ఉండాలి. ఆ లెక్క నాకు బాగానే అర్థమైంది.

మందు లేదంటే దయ్యమేనని మరిది దగ్గర్లోని రాజంపేట నుంచి భూతవైద్యుణ్ణి తెచ్చాడు. వాకిట్లో పందిరి గుంజకు ఎద్దు పలుపుతో ఆయన్ను కట్టారు. మిరపకాయల పొగ పెట్టారు. వైద్యుడు ముసలివాడు, చేతిలో చింత బరిగె. అతని పద్ధతి ఒకటుంది. ఒంట్లో ఉన్నది తన పేరు చెప్పేదాకా కొట్టాలి. అది వదిలిందో లేదో మాత్రం పెండ్లామే ముఖం చూసి చెప్పాలి. మొగుడి కళ్లు ఆమెకే తెలుస్తాయట.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు."

"తెల్వది."

బరిగె పడింది. తన పేరు మరిచిపోయి ఆయనకు నెలలైందని నాకు తెలుసు. నిలబడి చూశాను. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ "తెల్వది", మళ్లీ బరిగె. వీపు చిట్లి నెత్తురు ధోవతి దాకా కారింది. నిలబడ్డ చోటే మూత్రం పోసుకున్నాడు.

వైద్యుడు చెమట తుడుచుకుని నన్ను ముందుకు పిలిచాడు. "చూడు బిడ్డా. పోయిందా?"

ఆయన తలెత్తాడు. కళ్లలో కోపం లేదు. నన్ను కన్నతల్లి అనుకున్నాడు. "అవ్వా, కొట్టద్దని చెప్పవే. నేనేం చెయ్యలే."

నా ముంజేతి కట్టు కింద పుండు సలుపుతోంది. అప్పుడు నేను అన్నదాన్ని ఆ నొప్పి మీదికి నెట్టేయనా? నెట్టలేను. జాలి కలిగింది, అది నిజం. ఆ వెనకే ఇంకొకటి లేచింది. పడనీ, నేను పడ్డంత పడనీ అనుకున్నాను. మనసులో అనుకుని ఊరుకుంటే వేరు. నేను నోరు తెరిచాను.

"ఇంకా పోలే."

ఈసారి ఆయన అరవలేదు. బరిగె పడ్డప్పుడల్లా నన్నే చూశాడు. చివరకు అడ్డం పడి బరిగె లాక్కున్నది మా మరిది. నేను కాదు.

ఆ తర్వాత ఆయన ఎవరినీ కొట్టలేదు. దయ్యం వదిలిందని ఊరు సంతోషించింది. నేను అన్నం గిన్నెతో దగ్గరకు పోతే రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకునేవాడు. ఆ చేతులు మెల్లగా తీసి ముద్ద పెట్టేదాన్ని. ఊరు చూసింది ఆ ముద్దనే. వానలు పడక ముందే ఆయన కన్ను మూశాడు.

అంత సేవ చేశాను కదా, సరిపోయిందిలే అని నాకు నేను చెప్పుకుని చూశాను. ఎక్కడ సరిపోతుంది? హకీం మాట మరిదికి చెప్పి ఉంటే ఆ పలుపే కట్టేవాళ్లు కాదు. వైద్యుడు అడిగినప్పుడు పోయిందని ఒక్క మాట అని ఉంటే అక్కడితో ఆగేది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. దెబ్బలు తిన్నది మీరు కాదు.

ఇది బయటకు వచ్చాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. ఆయన ఆనాడు నాతో అన్నదానికి నేను బదులు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నువ్వేం చెయ్యలే. కొట్టిచ్చింది నేను.