దిష్టినీళ్ళనుకున్న సీసా

మొన్న మా చెల్లెలి కూతురు ఫోన్లో ఒక ఫొటో పంపింది. హనుమకొండలో వాళ్ళ కాలనీ వెనుక చెరువు ఒడ్డున నిలిచిన నీళ్ళు ఎర్రబడ్డాయట. "పెద్దమ్మా, జర భయమైతాంది, ఏం కాదు గద?" అని అడిగింది. దానికైతే ధైర్యం చెప్పాను గానీ, నేను మాత్రం ఆ ఫొటోను పెద్దది చేసి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మొదటి నుంచీ నాది పిరికి ప్రాణం, అందులోనూ ఎర్రనీళ్ళంటే నాకో కథ ఉంది.

పెళ్ళయిన కొత్తలో నేను చెరువు బురదలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా మీద పరిశోధన చేస్తుండేదాన్ని. అవి మొక్కల్లాగే వెలుగును పట్టుకుని బతుకుతాయి, కాకపోతే ఎర్రగా ఉంటాయి, గాలి తగిలితే వాటికి గిట్టదు, అందుకని సీసాను అంచుదాకా నింపి, మైనంతో మూత బిగించి, బల్బు ముందు పెట్టేవాళ్ళం. ఆ ఎండాకాలం కరెంటు కోతలకు బల్బులు వెలిగిందే తక్కువ. సీసాలు ఒక్కొక్కటే పాలిపోయి, నేను ఏళ్ళ తరబడి సాకుతున్న రకం చివరికి ఒకే ఒక్క సీసాలో మిగిలింది. అది పోతే నా థీసిస్ పోయినట్టే. సెలవులకు ల్యాబుకు తాళం వేస్తారని తెలిసి, దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వరంగల్‌లోని అత్తగారింటికి తెచ్చుకున్నాను.

అక్కడ ఇంకో చిక్కు. మా ఊరి ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? పొద్దెక్కకముందే కిటికీలకు వట్టివేళ్ళ తడకలు దించి, నీళ్ళు చల్లి, ఇల్లంతా చీకటి చేసుకునేవారు. డాబా మీద పెడితే సీసా ఉడికిపోతుంది, లోపల పెడితే వెలుగు లేక చస్తుంది. కొత్త కోడల్ని, తడక ఎత్తండని ఏ నోటితో అడగను? వెనుక గది కిటికీలో తడక అంచున, కాస్త వెలుగు పడేచోట పెట్టి, ఏదో వంకతో వెళ్ళి రంగు తగ్గిందేమోనని చూసుకునేదాన్ని. అన్నం వడ్డిస్తున్నా అదే ధ్యాస.

ఒకరోజు మా గైడ్‌గారిని కలిసి వచ్చేసరికి సీసా తోమి బోర్లించి ఉంది. ఎవరో నాకు పసుపూ సున్నం కలిపిన నీళ్ళతో దిష్టి తీసి, పారబోయడం మరిచిపోయారనుకుని మా అత్తగారు మూడు బాటల దగ్గర పోసి వచ్చారు. నా మేలు కోరే పోశారు, ఏమనగలను? పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ వెనకాలే వచ్చి, సంగతంతా చెప్పించుకుని, "చెరువుల దొరికిందంటివి గద బిడ్డా, మల్ల చెరువుకే పోదాం పా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. చీర ఎగ్గట్టి బురదలో దిగింది ఆవిడే, ఎక్కడ జారిపడతారోనని ఒడ్డున నిలబడి హడలిపోయింది నేను. ఆ బురదా నీళ్ళూ సీసాలో నింపి మూత బిగించాక అసలు ఆందోళన మొదలైంది. ఎరుపు వస్తుందా, ఉత్త కుళ్ళేనా? అత్తగారు ఆ కిటికీ తడక ఎత్తి కట్టేశారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటుకు దగ్గి దగ్గి వచ్చే మామగారు, తడి తువ్వాల తలకు చుట్టుకుని ఆ గదిలో, ఆ వేడిగాడ్పులోనే పడుకునేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు, పైగా లేవగానే "ఎర్రగైందా బిడ్డా?" అని అడిగేవారు.

చివరికి వెలుగు పడేవైపు సీసాకు ఎర్రటి మరక పట్టింది. ముందు చూసింది అత్తగారే. సెలవులయ్యాక ల్యాబుకు తీసుకెళ్ళి మైక్రోస్కోపులో పెడితే అది నా పాత రకం కాదు, దానికి దగ్గరి చుట్టం. పని చాలావరకు మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ మాట ఆవిడకు ఎన్నడూ చెప్పలేదు, చెప్పబుద్ధి కాలేదు.

ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇంట్లో పిల్లలకూ మాకూ గదికొక ఏసీ, ఎవరి తలుపు వారు వేసుకుంటారు, ఎవరి కోసం ఎవరూ వేడి భరించాల్సిన పని లేదు. సుఖమే, కాదనను. నా భయాలు మాత్రం ఎక్కడికీ పోలేదు, పట్టపగలే ఏదో దిగులు కమ్ముకుంటే లేచి వసారాలోకి వస్తాను, మూసి ఉన్న తలుపుల్లో ఏది తట్టాలో తెలియక కాసేపు నిలబడి, మళ్ళీ నా గదిలోకే వెళ్ళిపోతాను.