కర్టెన్ల అక్క రెండో పరీక్ష

ఊళ్లో సగం ఇళ్లకు వెలుగు ఎంత రావాలో ఆమే నిర్ణయిస్తుంది. టేపు మెడలో వేసుకుని, మడత నిచ్చెన చంకన పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి కిటికీలు కొలుస్తుంది. దుకాణం వెనక గదిలో కూర్చుని కర్టెన్లు కుడుతుంది. మళ్లీ వెళ్లి తనే తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకుంటుంది. ఆ చూపులో కాస్త గర్వం ఉంటుంది. ఉండనీ, ఎవరికి నష్టం?

నలభై దాటాక ఒకరోజు కొండలెక్కడం నేర్పే హాలుకు వెళ్లింది. వెళ్లింది ఆఫీసు గది కిటికీ కోసమే. పని అయ్యాక, పట్టుకుని ఎక్కడానికి రంగురంగుల పట్లు బిగించిన ఎత్తైన గోడ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "ఒకసారి ఎక్కి చూస్తారా?" అన్నారు అక్కడివాళ్లు. ఎక్కింది. పైనుంచి చూస్తే తన నిచ్చెన అగ్గిపుల్లలతో చేసిన బొమ్మలా కనిపించింది. ఆ రోజునుంచి ఆమె మనసులో సగం నేల మీద ఉండడం మానేసింది.

హాల్లో అందరూ ఆమెను కర్టెన్ల అక్క అంటారు. ఆదివారం ఆడవాళ్ల బృందంలో ఆమె ఒకతె. లెక్కల టీచరు, ఓ నర్సు, పూల దుకాణం పెద్దావిడ, ఇంకా కొందరు. వాళ్లని ఊరి బయటి బండలకు తీసుకెళ్లే లీడరుకి బదిలీ అయింది. సర్టిఫికెట్ ఉన్న లీడరు లేకపోతే హాలు గోడ దాటి అడుగు బయట పెట్టనివ్వనని యజమాని తేల్చి చెప్పేశాడు. ఎండ తగలని గోడ, ట్యూబులైటు కింద కొండ! అందరి మొహాలూ వాడిపోయాయి. "అక్కా, పరీక్షకి నువ్వు కూర్చో. నీ చేతికి వచ్చినట్టు ముడి ఎవరికీ రాదు" అని అందరూ ఆమె మీద పడ్డారు.

ఆమె శిక్షణలో చేరింది. తాడుని బండకి పట్టి ఉంచే లంగరు ఎక్కడ వేయాలి, మబ్బు ఏ రంగుకి తిరిగితే మూట కట్టుకోవాలి, చీలమండ బెణికితే ఏం చేయాలి, అన్నీ నేర్చుకుంది. పరీక్షకి వెళ్లింది. తప్పింది.

తప్పిందంటే ముడి జారి కాదు. పరీక్షాధికారి తెచ్చిన కొత్తవాళ్లందరికీ హెల్మెట్ బొత్తాలు తనే పెట్టింది, నడుముకి కట్టే హార్నెస్‌లు తనే బిగించింది, ముడులు తనే వేసింది. బడికి పంపే తల్లిలా కాలర్లు కూడా సరిచేసింది. ఎవరికీ గీత కూడా పడలేదు. పరీక్షాధికారి బక్కపలచటి మనిషి. మాటలు పొదుపు. ఆయన చివర్లో అన్నాడు: "నువ్వు మనుషుల్ని దింపలేదమ్మా. సామాను దింపావు."

ఆ మాట ఆమెకి చాలాకాలం సూదిలా గుచ్చుకుంది. ఇంట్లో మాత్రం అది నవ్వులాటైంది.

"కొండ దిగడానికి కూడా పరీక్షా?" అంది అత్తగారు. "ఎక్కినవాళ్లు ఎలాగూ దిగాల్సిందే కదటే!"

"దిగడానికి కాదత్తయ్యా, దింపడానికి."

"నా కొడుకుని ఇన్నేళ్లూ దింపుతూనే ఉన్నావు. దానికి ఇంకా సర్టిఫికెట్ ఎందుకూ?"

కొడుకు, అంటే ఆమె భర్త, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఆయన తలుపు చాటునుంచి నవ్వాడు. "నా కాలి కింద కూడా ఓ బ్రేకు ఉంటుంది. ఊరికే నొక్కుతూ కూర్చుంటే నేర్చుకునేవాడికి డ్రైవింగ్ రాదు, నాకు మోకాలి నొప్పి వస్తుంది" అన్నాడు. అని, భార్యకి శిష్యుడిగా తనే కూర్చున్నాడు. ఆయన ముడి వేస్తుంటే ఆమె చేతులు కట్టుకుని చూడాలి, అదీ సాధన. ఆయన తాడుని అటు తిప్పి ఇటు తిప్పి కుర్చీతో సహా తనని కట్టేసుకున్నాడు. అత్తగారు తానూ ఓ కొస అందుకుని చక్కటి జడ అల్లింది. కోడలి వేళ్లు సరిచేద్దామని గింజుకుంటున్నాయి. "అత్తయ్యా, ఆ పాయని..." అనబోయి పెదవి కొరుక్కుంది.

"చూడమ్మా, నేర్చుకుంటోంది" అన్నాడు భర్త, కుర్చీలోంచి లేవలేక.

రెండో పరీక్షకి ముందు హాల్లోవాళ్లు ఆమెను పక్కకి పిలిచి ఓ రహస్యం చెప్పారు. ఈ రంగంలో అందరికీ తెలిసిన రహస్యమే అది. కొత్తవాళ్ల గుంపులో ఒకరు దొంగ శిష్యుడు. పరీక్షాధికారి ముందే నేర్పి పెడతాడు, వాడు కావాలని తప్పు చేస్తాడు లేదా భయం నటిస్తాడు. "వాణ్ణి పసిగట్టు. గట్టెక్కుతావు" అన్నారు.

ఇంకేం! పరీక్ష రోజు ఆమె కళ్లు దొంగని పట్టే కళ్లయ్యాయి. బండ మీద లేత ఎండ, గాలి చల్లగా ఉంది. గుంపులో ఉన్న నలుగురినీ అనుమానంగానే చూసింది. లైబ్రరీలో పనిచేసే సన్నటి అమ్మాయి మరీ అమాయకంగా ఉంది. రొట్టెల బేకరీ నడిపే భారీ మనిషి ఉదయంనుంచి జోకులు వేస్తూ అందర్నీ నవ్విస్తున్నాడు. బండ ఎక్కడం బాగానే సాగింది. ఈసారి ఎవరి ముడి వాళ్లే వేసుకున్నారు, ఎవరి బొత్తం వాళ్లే పెట్టుకున్నారు. చివరికి మిగిలింది తాడు మీద దిగడం. బండ అంచుకి వీపు పెట్టి, గాల్లోకి వాలి, కాళ్లతో బండని తన్నుకుంటూ కిందికి పోవాలి. దిగే తాడు వాళ్ల చేతిలో ఉంటుంది, రక్షణ తాడు ఆమె చేతిలో.

మొదట బేకరీ ఆయన. అంచు దాకా వచ్చాడు. జోకు మధ్యలో ఆగింది. మెల్లగా మోకాళ్లు మడిచి, ఉన్నచోటే కూలబడ్డాడు.

దొరికాడు దొంగ! ఆమె అతని చెవి దగ్గరికి వంగి, నవ్వు ఆపుకుంటూ అంది: "చాలా బాగా చేస్తున్నారండీ!"

ఆయన ఆమె వైపు చూశాడు. "ఏం చేస్తున్నానమ్మా?"

పిండి కలిపి కలిపి మొద్దుబారిన ఆ చెయ్యి ఆమె చొక్కా చేతిని గుడ్డ చిరిగేలా పట్టుకుని ఉంది. మెడ మీద చెమట ధారలు కట్టింది. ఈ చెమటని ఎవరూ నటించలేరు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"క్షమించండి. నేనేదో అనుకున్నాను" అంది.

"నన్ను ఇలాగే దింపేయండి. కళ్లు మూసుకుంటాను. తాడు మీ చేతిలోనే ఉందిగా" అన్నాడాయన. "వెనకాల అందరూ చూస్తున్నారు. పరువు పోతోంది."

దింపడం ఆమెకి చిటికెలో పని. తాడు వదులుతూ పోతే చాలు, ఆయన క్షేమంగా కింద ఉంటాడు, పరీక్ష సాగిపోతుంది. పరీక్షాధికారి కొంచెం దూరంలో, ఆకాశంలో ఏదో పోగొట్టుకున్నవాడిలా పైకి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె తాడుని లాక్ చేసింది. వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

"కిందికి రెండు దారులున్నాయి" అంది. "ఇది ఒకటి. వెనక కాలిబాట ఇంకోటి. రెండూ ఆ చెట్టు దగ్గరికే పోతాయి. ఫ్లాస్కులో టీ అక్కడే ఉంది. ఎటు పోవాలో మీరు చెప్పండి. తొందరేం లేదు."

"మీ పరీక్ష?"

"అది నా తలనొప్పి."

ఆయన తన నడుము దగ్గరి ముడి వైపు చూసుకున్నాడు. చివరికి, "నడిచి పోతానమ్మా" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"రండి. ముందు అంచునుంచి ఇటు జరగండి. ఆ, ఇప్పుడు ముడి మీరే విప్పుకోండి."

ఆయన వేళ్లు తప్పు కొసని లాగాయి, మళ్లీ వెతుక్కున్నాయి. ఆమె తన చేతుల మీద ఇంకా గట్టిగా కూర్చుంది. ముడి విడిపోయాక ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "టీలో చక్కెర ఉందా?" అని అడిగి, పరీక్షాధికారి వెంట తెచ్చుకున్న సహాయకురాలితో కలిసి కాలిబాట పట్టాడు.

తర్వాత లైబ్రరీ అమ్మాయి ముందుకొచ్చింది. ముడి సరిగ్గా ఉంది, హెల్మెట్ సరిగ్గా ఉంది. మెడకి చుట్టుకున్న స్కార్ఫు కొస మాత్రం వదులుగా, తాడు పోయే పరికరం మీదకి వేలాడుతోంది. పరికరం దాన్ని లోపలికి లాక్కుందంటే మనిషి మధ్యలో వేలాడాల్సిందే.

"ఒకసారి కిందికి చూసుకోండి. తాడు దగ్గరకి వెళ్లకూడనిది ఏమైనా ఉందా?"

ఆ అమ్మాయి చూసుకుంది. మొహం చిన్నబోయింది. "అయ్యో! ఇరుక్కుపోయినట్టు అరవడం వారం రోజులు ప్రాక్టీసు చేశానండీ. మా అమ్మ జడుసుకుంది కూడా."

కర్టెన్ల అక్కకి నవ్వు ఆగలేదు.

సాయంత్రం చెట్టు కింద పరీక్షాధికారి టీ తాగుతూ అడిగాడు: "బేకరీ ఆయన దింపెయ్యమని నోరు తెరిచి అడిగాడు. ఎందుకు దింపలేదు?"

"పరువు కోసం అడిగారు సార్. దిగాలని అడగలేదు."

"దానికి ముందు 'బాగా చేస్తున్నారు' అన్నావు. విన్నాను."

ఆమె తల దించుకుంది. ఆదివారం బృందం మొహాలు ఒక్కొక్కటీ కళ్లముందు కదిలాయి. మళ్లీ ట్యూబులైటు కిందికేనా?

"అది తప్పు" అన్నాడాయన. "ఎవరు భయమన్నా భయమే అనుకో. నటనైతే పోయేదేముంది, నాలుగు మంచి మాటలు ఖర్చవుతాయి. ఆ తప్పు నువ్వే పట్టుకుని, నువ్వే దిద్దుకున్నావు కాబట్టి..." గ్లాసు కింద పెట్టాడు. "పాసయ్యావు. నీ బృందాన్ని తీసుకుపో."

ఆ తర్వాతి ఆదివారం బండ మీద ఒకటే సందడి. లెక్కల టీచరు ముడి వేసింది, నచ్చక విప్పింది, మళ్లీ వేసింది. ఎండ మెల్లగా వాళ్ల వీపుల మీదకి పాకింది.

"ఏమ్మా, లీడరమ్మా! అలా చూస్తూ నిలబడితే ఎలా?" అంది పూల దుకాణం పెద్దావిడ. "కాస్త ఓ చెయ్యి వేసి కానివ్వకూడదూ?"

"చూడ్డానికే నాకు సర్టిఫికెట్ ఇచ్చారండీ."

టీచరు మూడోసారి వేసింది. ఈసారి ముడి కుదిరింది. ఆమె దాన్ని వేలితో తట్టి, అక్క వైపు చూసింది. అక్క వంగి చూసి తల ఊపింది. టీచరు అంచుకి వీపు పెట్టి వెనక్కి వాలింది. ముందు నడుము, తర్వాత భుజాలు, చివరికి నీలం హెల్మెట్ బండ అంచు కిందికి మునిగాయి. తాడు కర్టెన్ల అక్క చేతుల్లోంచి వెచ్చగా జారుతోంది.

"అక్కా!" అని కిందనుంచి కేక. "ఇంకోసారి దిగొచ్చా?"

"ముందు ఈసారి దిగండి టీచరుగారూ!"