దొరికినవాడు

గత ఆదివారం, ఆరాధన ముగియకముందే, ఎమ్మిగనూరులోని మా చిన్న సంఘపు ఉపదేశిగారు ప్రభువు సన్నిధికి చేరారు. ఆయనను స్మరించుకొనే ఈ వేళ మాలో దుఃఖం కన్న కృతజ్ఞతే ఎక్కువ. వెతకబడి దొరికిన మనిషి చివరకు ఇల్లు చేరాడన్నదే ఈ దినానికి అర్థం.

తన సాక్ష్యాన్ని ఆయన ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెట్టేవారు: "నేను దొరికినా." టీ అంగడి దగ్గర పడుచువాళ్లకు ఆ మాటే వేళాకోళం.

"ఉపదేశీ, దొరికినా దొరికినా అంటావే, ఏం దొంగతనం సేసినావప్పా?"

"దొంగనే లేప్పా. ఎతికినోడు మాత్రం పోలీసు కాదు, మా యన్న" అని ఆయనా నవ్వేవారు.

ఆ నవ్వు వెనుక జరిగినది ఇది. పంతొమ్మిది వందల డెబ్బైల తొలినాళ్లలో, పడుచు వయసులో, ఆయన సారాయికి బానిస. పండుగ చీరల కోసం అన్న మగ్గానికి ఎక్కించిన పడుగును, నిలువు పోగులన్నిటినీ, ఒక సాయంత్రం తాగిన కోపంలో కత్తితో కోసేశారు. నేతగాని ఇంట అంతకు మించిన పాపం లేదు. ఆదోనికి పారిపోయి ఒక పత్తి మిల్లులో మూటలు మోస్తూ దాగారు. క్షమాపణ కోరలేదు, కబురైనా పంపలేదు.

అన్న మగ్గాన్ని అలాగే విడిచి ఆదోని మిల్లులన్నీ గాలించారు. చివరకు ఒక కాపలావాడు, "ఆడ పత్తి బేళ్ల ఎనకాల సూడన్నా" అని చెయ్యి చూపాడట.

"దొరికినావు రా!"

తమ్ముడు తల ఎత్తలేదు. "కొట్టన్నా. ఇంటికి వచ్చే మొగం కాదు నాది."

"కొట్టేకైతే ఇంత దూరం వస్తానా? తెగిన పోగులు అతకల్ల. ఇంకొకరి సేత అతికించేకి మనసు రాల్యా. లెయ్, పోదాం."

ఇంటికి వచ్చి అన్నదమ్ములు మగ్గం దగ్గర ఎదురెదురుగా కూర్చొని పోగు వెంట పోగు ముడివేశారు. నేసిన బట్టలో అడ్డంగా ముడుల బారు మిగిలింది. బట్టల అంగడివాడు కొననన్న ఆ బట్టనే తరువాత బల్లపై పరచుకొని ఉపదేశిగారు వాక్యం చెప్పేవారు. సారాయి విడిచింది ఆ మగ్గం ముందేనట. "మారి దొరకల్యా అప్పా, దొరికి మారినా" అనేవారు.

మొర ఆలకించి దిగివచ్చే దేవుణ్ణి నేను చిన్ననాటి నుండి పద్యాలలో ఎరుగుదును. మొరపెట్టక దాగిన పాపి కొరకు క్రీస్తు సిలువ దాకా నడిచి వచ్చాడని లేఖనంలో చదివాను. ఆ వాక్యానికి ఈయన బతుకే నాకు వ్యాఖ్యానమైంది.

సమాధి దగ్గర, ఇప్పుడు వృద్ధుడైన ఆ అన్న, పెట్టెపై ఆ బట్ట పరచి ముడుల బారును అరచేత్తో నిమిరారు. "సక్కగానే అతికినావు లేరా" అన్నారు.

మా తరువాతి వారు ఎంత దూరం పోయినా, వెతికి వచ్చే ఆ అడుగుల చప్పుడు వారి వెంటే ఉండును గాక. దాగినవారందరూ దొరుకుదురు గాక.