శుక్రవారం నాడే పోయే కరెంటు

నిన్న కోడలు ఒవెన్ పెట్టగానే వెన్న, యాలకులు కలిసిన వాసన హాల్లోకి వచ్చింది. ఒలుస్తున్న చిక్కుడుకాయలు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నాకు ఆ వాసన పార్వతక్కయ్యది.

ఘాజియాబాద్‌లో ఆవిడది మా పై అంతస్తు. భర్త పోయాక బిస్కట్లు, కేకులు చేసి కాలనీలో అమ్ముకుంటూ ఒక్కతే బతికింది. మూడో తరగతితో ఆగిపోయిన నాకు పిండి కొలవడం దగ్గర్నుంచి, ఎవరి మీదా ఆధారపడకుండా ఉండడం దాకా ఆవిడే నేర్పింది.

ఒక చలికాలం ఆవిడ ఒవెన్ మొరాయించింది. ఒకరోజు బాగానే నడిచేది. మరోరోజు స్విచ్ వేసిన కాసేపటికే మీటరు పక్కన బ్రేకర్ టప్పున పడి ఇల్లంతా కరెంటు పోయేది. రిపేరు చేసే మిస్త్రీ వచ్చిన రోజు మాత్రం ఏ తప్పూ కనబడలేదు. "పురానా హో గయా మాతాజీ, నయా లే లో" అని, పాతదైపోయింది కొత్తది కొనుక్కోమని చెప్పి వెళ్ళిపోయాడు. గ్రేటర్ నోయిడాలో ఉండే కొడుకు శ్రీధర్‌కి ఆ మాట చాలింది. "ఇంకొక్కసారి పడితే దాన్ని పాత సామాన్లు కొనే కబాడీవాడికిచ్చేసి నిన్ను మా ఇంటికి తీసుకుపోతా" అన్నాడు.

అక్కయ్య ఫ్రిజ్, గీజరు ఆపి చూసింది. పడింది. వేరే ప్లగ్గులో పెట్టింది. పడింది. పై కాయిల్ ఒక్కటే వేస్తే పడలేదు, కిందిది వేస్తే పడింది.

"శుక్రవారమైతే చాలు, దీనికి రోగం వస్తోందే" అంది.

"గురువారం ఏం చేస్తున్నావేంటి?" అని అడిగాను.

"ఏముంది, గుడ్ల కేకులు చేసి..." అని ఆగిపోయింది.

మర్నాడు అమ్మవారి నైవేద్యానికి కొబ్బరి బిస్కట్లు అందులోనే చేయాలి. అందుకని ప్లగ్గు తీసి, లోపల చెంబెడు నీళ్ళు పోసి కడిగేది. ఆ తడంతా కింది కాయిల్‌కి పట్టేది.

"నా మడే దీన్ని ముంచిందన్నమాట. ఎండలో పెడితే సరి" అని నవ్వింది.

ఎండ ఏదీ? రెండు రోజులు పొగమంచు విడవలేదు. ఆదివారం శ్రీధర్ వచ్చాడు. అక్కయ్య చూపిద్దామని స్విచ్ వేసింది. పడింది.

"ఇంకా తడుందిరా. ఒక్కరోజు ఆగు."

"షాక్ కొట్టి పడిపోతే నాకు చెప్పేదెవరమ్మా? చలో."

"ఎండ రానీ బాబూ" అన్నాను.

"ఆంటీ, ప్లీజ్. మీరు ఊరుకోండి."

వాడిది చెడ్డ మనసు కాదు, భయం. ఒవెన్ కబాడీవాడి బండెక్కింది, అక్కయ్య కారెక్కింది. "ఇక్కడ వంటిల్లు నాది కాదే, చేతులకి ఏం తోచదు" అనేది ఫోనులో. మళ్ళీ పిండి ముట్టకుండానే పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏది చెడినా ముందురోజు ఏం చేశారని అడుగుతాను. పారేద్దామంటే ఒక్కరోజు ఆగమంటాను. పిసినారినని నవ్వుతారు, నవ్వనీ. అక్కయ్యకి ఆ ఒక్కరోజు దొరకలేదు. ఆవిడ వెళ్ళిన మర్నాడు పొద్దెక్కేసరికి ఎండ కాసింది.