కోదాడ బస్సులో పడ్డ సంచి

ఈ ఉదయం సూర్యాపేట బస్టాండు బయట ముంజను వేలితో పొడిచానో లేదో, చల్లని నీళ్లు మోచేతి దాకా కారాయి. అంతే, సత్తెమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఎండాకాలం వచ్చిందంటే మా వీధి ఆడవాళ్లందరినీ ఇళ్లలోంచి బయటికి లాగిన మహాతల్లి! మా పక్కింట్లో ఉండేది. వాళ్లది తిరుమలగిరి వైపు గొర్రెలు కాసిన కుటుంబం. జీవాల వెంట చెలకలన్నీ తిరిగిన మనిషికి కొడుకింట్లో నాలుగు గోడల మధ్య ఊపిరాడేది కాదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఇక ఆమెను ఆపడం ఎవరి తరం? తెల్లవారకముందే సద్ది కట్టి, మొదటి బస్సెక్కి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరాలి. పిల్లలమర్రి గుళ్లు, మూసీ ప్రాజెక్టు, ఫణిగిరి గుట్ట, అన్నీ చిల్లిగవ్వ ఖర్చు లేకుండా చూపించింది.

నా సంగతి చెప్పాలంటే సిగ్గే. ముప్పై రెండేళ్లు వచ్చినా, పెళ్లికి ముందు అన్నయ్య, తర్వాత మా ఆయన, ఆనక పెద్దమ్మ తోడు లేకుండా పొలిమేర దాటింది లేదు. పుట్టిల్లు వేములపల్లి. అమ్మకు జ్వరమొచ్చినా, మా ఆయనకు సెలవు దొరికేదాకా ఇంట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. ఒకసారి పెద్దమ్మ చూసింది. "ఏడిస్తే బస్సు ఇంటికాడికి వస్తదా బిడ్డా?" అంది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

ఆ వేసవిలో ఒక రోజు మేమిద్దరమే వాడపల్లి సంగమానికి బయల్దేరాం. ముందు మిర్యాలగూడ బస్సెక్కాలి. బస్టాండులో జాతరంత జనం. "పిల్లా, ఉరుకు! కిటికీలకెంచి సంచి ఏసి సీటు ఆపు!" అని పెద్దమ్మ కేక. నేను పరుగెత్తి, ఎదురుగా వచ్చిన బస్సు కిటికీలోంచి సద్ది సంచి విసిరాను. బోర్డు చూసే తీరిక ఎక్కడిది? విసిరాక చూస్తే అది కోదాడ బస్సు! సద్దితో పాటు నా ఆధార్ కార్డూ అందులోనే. జనాన్ని తోసుకుంటూ ఎక్కి సంచి అందుకున్నానో లేదో బస్సు కదిలింది.

"ఆపండి, ఆపండి!" అన్నాను కానీ ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? కిందనుంచి పెద్దమ్మ మాత్రం రెండు చేతులూ ఊపుతూ, "పో బిడ్డా, పో! కోదాడల దిగు! నేను ఎనక బస్సుల వస్త!" అని అరిచింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఊహూఁ! కండక్టరమ్మ జీరో టికెట్టు చేతిలో పెట్టి, "కూసో అక్కా, ఎందుకు పరేషానైతున్నవ్?" అంది.

కూర్చున్నాను. పొద్దు పొడుస్తోంది. కిటికీ గాలి మొహానికి కొడుతోంది. సగం దారికి చెమట ఆరింది. ఆశ్చర్యం, ఆకలి కూడా వేసింది! కోదాడ బస్టాండులో దిగి నిలబడితే ముంజలమ్మే ఆవిడ పలకరించింది. "ఎవరి కోసమమ్మా చూస్తున్నారు? ఒక్కరే వచ్చారా?" అవునని చెప్పేటప్పటికి నాకే నవ్వొచ్చింది. మొదటిసారి నా అంతట నేను బేరమాడి డజను ముంజలు కొన్నాను.

అరగంటకు పెద్దమ్మ దిగింది. ఇద్దరం చెరువు కట్ట మీద సద్ది విప్పాం. "ఫోన్ ఎందుకెత్తలేదు?" అని కస్సుమన్నాను.

"మోగింది, ఇనవడ్డది. ఎత్తితే ఏడుస్తవు, ఏడిస్తే దిగుతవు. డ్రైవర్‌కు గూడ నేనే చెయ్యూపిన, పోనియ్యమని" అంది, ముంజ నములుతూ. పీక నొక్కాలన్నంత కోపం! అంతలోనే కావలించుకుని ముద్దాడాలనిపించింది. సంగమం సంగతి ఇద్దరికీ గుర్తే లేదు.

వానాకాలంలో అమ్మకు మళ్లీ జ్వరమని కబురొచ్చింది. చీర మార్చుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడ బస్సు మారి, పది గంటలకల్లా అమ్మ మంచం పక్కన ఉన్నాను. అమ్మ నా వెనక గుమ్మం వైపు చూసింది. "అల్లుడేడి? ఎవలతోని వచ్చినవ్?"

"నేనొక్కదాన్నే వచ్చిన" అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని మధ్యాహ్నం దాకా వదల్లేదు.

పెద్దమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఇప్పటికీ బస్సు కదలగానే నా గుండె దడదడ కొట్టుకుంటుంది. అది భయమనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు, సంబరం.