నిద్రించిన ఓనరు

జాగా నిండిపోయిందని మా ఆయన పాత ఫోను ఈ ఉదయం మొరాయించింది. కొన్ని మెసేజీలు తీసేద్దామని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన కూడికల కబుర్లు, రీఛార్జి హెచ్చరికలు, అన్నీ తీసేశాను. స్కూటరు చలానా మెసేజీల దగ్గరకి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. గుడివాడలో హెల్మెట్ లేదు. మళ్ళీ గుడివాడలోనే, మళ్ళీ హెల్మెట్ లేదు. తెరిస్తే బండి ఫొటో, కింద యజమానిగా మా ఆయన పేరు.

ఆ స్కూటరు మీద ఆయన దివిసీమంతా తిరిగారు. హంసలదీవి వైపు పల్లెల్లో గృహకూడికలకి వెళ్తుంటే వెనక సీటు నాది. ఒళ్ళో బైబిలు సంచీ, పాటల పుస్తకం. గతుకు తగిలినప్పుడల్లా ఆయన "స్తోత్రం" అనేవారు. మా రోడ్ల దయవల్ల దారి పొడుగునా ఆరాధనే. ఆయన ప్రభువునందు నిద్రించాక (మా సంఘంలో చావుని అలాగే అంటాం) బండిని కృత్తివెన్ను నుంచి రొయ్యలు తెచ్చి అమ్మే తమ్ముడికి ఇచ్చేశాను. సొంత తమ్ముడు కాదు, ఏళ్ళ తరబడి మా గుమ్మంలో బేరమాడిన తమ్ముడు. ఆయన హెల్మెట్ కూడా ఇచ్చాను. అది అతని తల మీదకన్నా బండి అద్దానికే ఎక్కువ వేలాడేది. మెసేజీ వచ్చినప్పుడల్లా నేను ఫోను చేసేదాన్ని.

"ఏం తమ్ముడూ, ఇవాళ కూడా హెల్మెట్ అద్దానికే తొడిగావా?"

"ఏం చేయమంటారక్కా, అది పెట్టుకుంటే ఎవరు కేకేసినా వినపడి చావదు!"

జరిమానా అతనే కట్టుకునేవాడు. కొన్ని వారాలైతే, ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ ఆదివారం దాకా మనిషితో నేను మాట్లాడిన మాట అదొక్కటే.

పేరు మార్పించుకోలేదని అందరూ అతన్నే తిట్టేవారు. అసలు సంగతి నాకు తెలుసు. అతను ఫారాలు పట్టుకుని రెండుసార్లు వచ్చాడు. "ఈ ఆదివారం వెళ్ళనీ తమ్ముడూ" అని రెండుసార్లూ పంపేసింది నేనే. పేరు మారితే ఆ ఫోను మోగదు. మూడోసారి వచ్చి, "అక్కా, రేపు నేనెవరినైనా గుద్దితే కేసు బావగారి పేరు మీద పడుద్ది. ఆ పాపం నాకొద్దు" అన్నాడు. ఏ ప్రసంగమూ నాకు అంత సూటిగా తగల్లేదు. అబద్ధ సాక్ష్యం కూడదని సండేస్కూలు పిల్లలకి నేర్పిన మనిషిని.

ఇద్దరం బందరు వెళ్ళాం. ఆర్టీవో ఆఫీసు బయట, జిరాక్సు కొట్లో ఫారాలు సరిచూసే మనిషి నేను నింపింది చదివాడు. యజమాని సంతకం ఎందుకు లేదో చెప్పాల్సిన చోట "నిద్రించారు" అని రాశాను.

"నిద్రపోతుంటే లేపి తీసుకురండమ్మా, సంతకం పెడతారు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

తమ్ముడు అతని చెవిలో ఏదో చెప్పాడు. అతను తల దించుకుని, "ఏమనుకోకండమ్మా. చనిపోయారు అని రాయాలి. మరణ ధ్రువీకరణ పత్రం పెట్టి, ముందు బండి మీ పేరు మీదకి మార్చాలి. ఆ తర్వాతే ఈయన పేరు మీదకి. లైఫ్ టాక్సు కట్టేసే ఉంది, బండికింకా బోలెడు ఆయుష్షు" అన్నాడు. మా ఆయన సమాధి రాయి మీద కూడా నిద్రించారనే చెక్కించాను. చనిపోయారు అన్న మాట నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. ఉన్న కాస్త చోటులో చిన్న అక్షరాలతో రాశాను.

కొన్నాళ్ళు స్కూటరు నా పేరు మీద ఉంది. తోలడం రాని ఓనర్ని. తర్వాత అతని పేరు మీదకి వెళ్ళింది, మెసేజీలు ఆగిపోయాయి. ఒకరోజు ఉండబట్టలేక నేనే ఫోను చేశాను. "హెల్మెట్ పెట్టుకుంటున్నావా తమ్ముడూ?" "పెట్టుకుంటున్నానక్కా." ఇక అడగడానికేముంది, పెట్టేశాను.

ఆ మెసేజీలు తీయకుండానే ఫోను పక్కన పెట్టాను. ప్రభువు వచ్చి ఆయన్ని నిద్ర లేపే దినం దూరమని నాకెప్పుడూ అనిపించలేదు. ఈలోపు వచ్చే సాయంత్రాలే మరీ పొడుగు.