ఒక గుంతలో రెండు మొలకలు

మా మామది ఆళ్లగడ్డలో విత్తనాల అంగడి. పెళ్లయిన కొత్తలో, అల్లుడి గొప్ప చూపించుకోవాలని, ఆ అంగడి కంప్యూటర్లో అందరూ వాడే సిస్టమ్ తీసేసి లైనక్స్ వేసిచ్చాను. వైరస్ బెడద ఉండదన్నాను. అది నిజమే. కానీ ఆ ఊళ్లో దాని మనసు తెలిసినవాడు ఇంకొకడు లేడనీ, నేనుండేది నంద్యాలలో అనీ అప్పుడు తట్టలేదు. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని.

అప్పటినుంచి ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా ఫోను నాకే. రాలేనంటే ఆ మాట సాయంత్రానికి మా ఆవిడ చెవిన పడుతుంది. అందుకే ఆమె తమ్ముడికి, అంటే మా బామ్మర్దికి, పని నేర్పి బయటపడాలని చూశాను. పాస్‌వర్డు ఇచ్చాను, కొన్ని కమాండ్లు చెప్పాను. ఇంకొక్కసారి కూర్చోబెడితే చాలు, నాకు విడుదల అనుకున్నాను.

ఈ ఏడు తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే మామ ఫోను చేశాడు. కంప్యూటర్ లేవడం లేదట. నల్లటి తెర మీద ఏవో తెల్లక్షరాలట. బిల్లు రాకుండా విత్తనాలు ఇవ్వడానికి లేదు. నేను చేరేసరికి, అంగడి నుంచి అహోబిలం జీపులు ఆగే చోటిదాకా రైతులే. నేల పదును ఆరిపోతే విత్తనం వేసి లాభం లేదని వాళ్ల తొందర.

నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు. విత్తనాల బస్తాలు వాకిలికి సగం అడ్డం. ఫ్యాను లేదు. ఒకరి తర్వాత ఒకరు తొంగిచూసి ఎంతసేపు పడుతుందని అడుగుతుంటే, లేచి పారిపోదామనిపించింది. పోవాలన్నా ఆ బస్తాలు దాటి, వాళ్లందరి మధ్య నుంచే పోవాలి.

పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి చూశాను. కంప్యూటర్ ఎలా మొదలవ్వాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది. దానికే ఇంకోచోట ఒక లింకు ఉంటుంది. లింకు అంటే ఉత్త పేరే; అసలుది ఫలానా చోట ఉంది పొమ్మని దారి చూపడమే దాని పని. ఆ లింకు తెర మీద ఎర్రగా కనిపించింది. తెగిపోయిందని అర్థం. తీసేసి మళ్లీ కట్టాను. ఎరుపే. చెమట కళ్లలోకి కారుతుంటే ఇంకోసారి కట్టాను. ఎరుపే. అప్పటికి బుద్ధి వచ్చి, అది చూపించే చోటికి పోయి చూశాను. అక్కడ ఫైలే లేదు.

బామ్మర్దిని పిలిచాను. వాడు కాసేపు నసిగాడు.

"రెండు చోట్ల తెరిచి చూస్తే రెండూ ఒగటే ఉండె బావా. ఒగ గుంతలో రెండు మొలకలుంటే ఒగటి పీకేస్తాం కదా. పీకేసినా."

పత్తి చేలో గుంతకు రెండు గింజలు వేసి, మొలిచాక ఒకటి ఉంచి ఒకటి పీకేస్తారు. వాడికి పుట్టినప్పటినుంచీ తెలిసిన న్యాయం అది. కాకపోతే దారి చూపేదాన్ని ఉంచి అసలుదాన్ని పీకాడు. కోపం నషాళానికంటింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది, కానీ వాడి ముందు నవ్వలేదు.

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ ఫైలును ఉండాల్సిన చోట మళ్లీ పుట్టించాను. లింకును ముట్టుకోకుండానే దాని ఎరుపు పోయి నీలం వచ్చింది. పెన్‌డ్రైవ్ తీసేసి యంత్రాన్ని లేపితే లేచింది. బయట బిల్లుల మోత మొదలైంది.

భోజనం చేయకుండా మామ కదలనివ్వడు. సంగటి ముందు కూర్చుని, గుండె చిక్కబట్టుకుని నా మాట బయటపెట్టాను. సాయంత్రం దాకా ఉండి వీడికి పనంతా నేర్పేస్తాననీ, ఇకమీదట నేను రానక్కర్లేదనీ చెప్పాను.

మామ ముద్దను పులుసులో అద్దుకుంటూ తలెత్తకుండానే అన్నాడు.

"ఒగ గుంతలో ఇద్దరెందుకప్పా? వీడు ఇంక దాని జోలికి పోడు. నువ్వుండావు కదా."

వాడికిచ్చిన పాస్‌వర్డు కూడా మార్చేసి పొమ్మన్నాడు. బామ్మర్ది మొహం విప్పారింది. ఇంకో ముద్ద వేయమని అత్తను అడిగాడు.

తిన్నాక పాస్‌వర్డు మార్చాను. ఇప్పుడది నాకొక్కడికే తెలుసు. నంద్యాల బస్సు కిటికీలోంచి, తడిసిన చేలల్లో గింజలు వేసేవాళ్లను చూస్తూ, పీకేసిన మొలక మీద నా బతుకులో మొదటిసారి అసూయపడ్డాను.